హైదరాబాద్‌లో చిన్నపిల్లలతో ఆరుబయట ఈస్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న తల్లిదండ్రులు, అమ్మమ్మ తాతయ్యలు, సండే స్కూలు టీచర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జవాబులన్నీ మన ఊరి ఎండను, మన ఊరి చెట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ఈస్టర్ ఏటా ఒకే తేదీకి ఎందుకు రాదు? రాబోయే ఏళ్లలో ఎప్పుడు?

మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. ఈ పౌర్ణమిని చర్చి పట్టికల ప్రకారం లెక్కిస్తారు. అందుకే పండుగ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16, 2029లో ఏప్రిల్ 1, 2030లో ఏప్రిల్ 21.

ఈ తేడా మీ ఏర్పాట్లను బాగా మారుస్తుంది. మార్చి ఆఖరులో పండుగ వస్తే కానుగ లేతాకులు, వేపపూత పిల్లల చేతికి అందుతాయి, ఉదయం తొమ్మిది దాకా బయట ఉండొచ్చు. ఏప్రిల్ మూడోవారంలో వస్తే రేల, గుల్‌మొహర్ పూలు మొదలవుతాయి కానీ ఎనిమిదిన్నరకే ఇంటిదారి పట్టాలి.

ఎన్నింటికి మొదలుపెట్టాలి?

తెల్లవారగానే. మార్చి ఆఖరులో సూర్యోదయం 6:10 ప్రాంతంలో, ఏప్రిల్ మధ్యకు ఆరు ప్రాంతంలో అవుతుంది. 6:15 నుంచి 8:30 వరకు ఉన్న ఆ రెండుంబావు గంటలే మీ పండుగ. ఆటకు అరగంట, నడకకు అరగంట, తిండికి అరగంట, మిగిలింది పిల్లల అలకలకు, చెప్పులు వెతుక్కోవడానికి సరిపోతుంది. చర్చిలో తెల్లవారుజామున ఆరాధన ఉంటే అది అయ్యాక నేరుగా తోటలోకి వెళ్లండి. ఇంటికెళ్లి టిఫిను చేసి మళ్లీ బయల్దేరితే పది దాటుతుంది, అప్పటికి పచ్చిక మీద కూడా కాలు పెట్టలేరు.

ఉదయం కుదరకపోతే సాయంత్రం ఐదున్నర తర్వాత. పదిన్నర నుంచి ఐదు వరకు ఎంత నీడ ఉన్నా వద్దు.

ప్రతి పావుగంటకు అడక్కుండానే రెండు గుక్కల నీళ్లు తాగించండి. ఆటలో మునిగిన మూడేళ్ల బిడ్డ దాహమని చెప్పదు. మొహం కందిపోయి, చిరాకుపడి, ఉన్నట్టుండి మందకొడిగా కూర్చుండిపోతే ఆట ఆపి నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, ఓఆర్‌ఎస్ గానీ ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ గానీ కొంచెం కొంచెంగా పట్టండి. వాంతులైనా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఈస్టర్‌ను చెట్ల మధ్యే ఎందుకు జరపాలి? కుందేలు, గుడ్లు చాలవా?

యేసును సమాధి చేసిన చోట ఒక తోట ఉందని యోహాను సువార్త 19వ అధ్యాయం చెబుతుంది. ఇంకా చీకటి ఉండగానే మగ్దలేనే మరియ అక్కడికి వస్తుంది, లేచిన ప్రభువును చూసి తోటమాలి అనుకుంటుంది. పెందలకడ, తోట, మట్టి, దొర్లించిన రాయి: కథ జరిగిందే ఆరుబయట. పిల్లలకు ఆ కథను చల్లటి గాలిలో, కోకిల కూస్తుండగా చెబితే బొమ్మల పుస్తకం కన్నా లోతుగా నాటుకుంటుంది. కుందేలు బొమ్మ వద్దని కాదు. దానికోసం డబ్బు పెట్టే ముందు ఒక మట్టి తొట్టి, పిడికెడు మెంతులు కొనమని మా సలహా.

ఈస్టర్ తోట ఎలా చేయాలి?

ఒక పళ్లెంలో చేసే చిన్న తోట ఇది. పండుగకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు విత్తితే సరిగ్గా ఈస్టర్‌కు పచ్చగా ఉంటుంది.

కావలసినవి: సుమారు అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, మూడు అంగుళాల లోతు ఉన్న ప్లాస్టిక్ ట్రే లేదా పాత టబ్బు, అడుగున ఎనిమిది, పది చిల్లులు. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు. సగం కొబ్బరి చిప్ప లేదా చిన్న మట్టి ముంత ఒకటి. దాని నోటికి సరిపోయే గుండ్రటి చదును రాయి. ఎండు వేపపుల్లలు ఆరు, జనపతాడు. మెంతులు మూడు పెద్ద చెంచాలు, ఆవాలు ఒక చెంచా.

శనివారం రాత్రి మెంతులు నానబెట్టండి. ఎనిమిది గంటలు చాలు. ఆవాలు నానబెట్టనక్కర్లేదు. ఆదివారం ఉదయం ట్రేలో రెండంగుళాల మందం మట్టి పరచండి. ఒక మూలన ముంతను పక్కకు పడుకోబెట్టి, నోరు బయటికి కనిపించేలా పైన మట్టి కప్పి గుట్టలా చేయండి. అదే సమాధి. దాని ముందు నుంచి ట్రే అంచు దాకా రెండు వేళ్ల వెడల్పున గులకరాళ్లు పరిస్తే దారి అవుతుంది. మిగతా చోటంతా మెంతులు ఒకదానికొకటి ఆనకుండా చల్లి, పైన పావు అంగుళం మట్టి జల్లండి. ఆవాలు గుట్ట మీద చల్లండి, వాటిపై మట్టి ఇంకా పల్చగా పడాలి. స్ప్రే సీసాతో తడపండి. మగ్గుతో పోస్తే గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి. పిల్లలు ఉత్సాహంగా చేసే పొరపాటు ఇదే, కాబట్టి వాళ్ల చేతికి మొదటి నుంచీ స్ప్రే సీసానే ఇవ్వండి.

రెండో రోజుకో మూడో రోజుకో మొలకలు పైకొస్తాయి. శుక్రవారానికి మూడు, నాలుగు సెంటీమీటర్లు, ఆదివారానికి వేలెడంత. గోధుమలు వాడదలిస్తే పండుగకు పది రోజుల ముందే విత్తాలి.

గుడ్ ఫ్రైడే సాయంత్రం పుల్లలతో కట్టిన మూడు సిలువలు గుట్ట మీద గుచ్చి, చిన్న తెల్లగుడ్డ ముక్క చుట్టి ముంతలో పెట్టి, బిడ్డ చేతే రాయి మూయించండి. శనివారం దాన్ని ముట్టుకోవద్దని చెప్పండి. నీళ్లు చల్లడం తప్ప ఇంకేమీ చేయని ఆ ఒక్క రోజు ఎదురుచూపు చిన్నపిల్లలకు కష్టమే, కానీ కథలో దాని చోటు దానిదే. ఆదివారం వాళ్లు లేవకముందు రాయి పక్కకు దొర్లించి, గుడ్డను మడిచి లోపలే ఉంచండి. బిడ్డ పరుగెత్తుకొచ్చి లోపలికి తొంగిచూసే క్షణంలో మీరు ఏమీ మాట్లాడకండి. ముందు వాళ్లను చెప్పనివ్వండి.

మొలకలు రాలేదు, లేదా వచ్చి వాలిపోయాయి. ఎందుకు?

నాలుగు కారణాల్లో ఒకటై ఉంటుంది.

తెల్లటి దూదిలాంటి బూజు పడితే గింజలు ఒత్తుగా పడ్డాయి, నీళ్లు ఎక్కువయ్యాయి. బూజు పట్టిన చోట చెంచాతో ఎత్తిపారేసి, ట్రేను గాలి ఆడే చోటికి మార్చండి. మొలకలు పాలిపోయి సన్నగా సాగి పడిపోతే వెలుతురు చాలలేదు. పొద్దుటి ఎండ రెండు గంటలైనా తగలాలి. అంచులు ఎండి గోధుమరంగు వస్తే మధ్యాహ్నపు ఎండ తగిలింది, పడమటి బాల్కనీలో ఇది తప్పదు, పదకొండుకల్లా లోపలికి తెచ్చేయండి. గింజలే కనిపించకపోతే పావురాలో చీమలో పట్టుకుపోయాయి. మొదటి మూడు రోజులు పాత దోమతెర ముక్క కప్పి, ట్రేను నీళ్లు పోసిన పళ్లెంలో నాలుగు ఇటుక ముక్కల మీద నిలబెడితే రెండు బాధలూ తీరతాయి.

బుధవారానికి కూడా ఏమీ రాకపోతే మళ్లీ విత్తే సమయం లేదు. తడిగుడ్డలో మూటకట్టి మొలకెత్తించిన పెసలు శుక్రవారం తెచ్చి మట్టి మీద పరవండి. ఆదివారానికి పచ్చబడతాయి.

మట్టల ఆదివారం తెచ్చుకున్న మట్టలతో పిల్లలు ఏం చేయొచ్చు?

చర్చిలో ఇచ్చేవి చాలాచోట్ల ఈత మట్టలో కొబ్బరి మట్టలో అయి ఉంటాయి. ఈతాకు కొన సూదిలా ఉంటుంది, పిల్లలు ఊపితే పక్కవాళ్ల కంట్లో గుచ్చుకునే ప్రమాదం ఉంది. చేతికివ్వకముందే ప్రతి ఆకు కొన రెండంగుళాలు కత్తిరించండి. కొబ్బరాకు మెత్తనిది, చిన్నవాళ్లకు అదే మేలు. ఈనె తీసేసిన ఆకుతో బూర, చేతి గడియారం, చిన్న సిలువ చేయడం అమ్మమ్మలకు వచ్చే ఉంటుంది, ఆ పని వాళ్లకే వదలండి. ఆకు ఆ రోజే అల్లాలి. మర్నాటికి ఎండి మడతల దగ్గర చిట్లుతుంది. ఆలస్యమైతే అరగంట నీళ్లలో నానబెట్టండి. మిగిలిన మట్టలను చాలా సంఘాల్లో దాచి, వచ్చే ఏడు బూడిద బుధవారానికి, అంటే ఈస్టర్ ముందరి ఉపవాస దినాల తొలి రోజుకు, కాలుస్తారు. తిరిగి ఇవ్వాలేమో అడిగి చూడండి.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లండి. సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడటం తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఈస్టర్ అంటే ముందుగా గుర్తొచ్చే దృశ్యం. నారాయణగూడ సమాధుల తోటలాంటి చోట్ల ఆ వేకువన జనం బాగా ఉంటారు, కాబట్టి బిడ్డ జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ ఉంచండి.

చిన్నవాళ్లకు వారం ముందే ఒక పని అప్పగించండి: తాతయ్య సమాధి మీద బంతి, చామంతి పూలతో గుండ్రంగా దండ పేర్చడం. అరకిలో విడిపూలు ఒక సమాధికి సరిపోతాయి. కొవ్వొత్తులను గాజుగ్లాసులో రెండంగుళాల ఇసుక పోసి నిలబెడితే గాలికి ఆరవు, పడిపోవు. పండుగ గౌన్లు, నెట్టు లంగాలు మంటకు చప్పున అంటుకుంటాయి. ఆ తెల్లవారుజామున నూలు బట్టలే వేయండి, గౌను తర్వాత మార్చొచ్చు. గడ్డిలో తేళ్లుంటాయి, కాబట్టి చెప్పులు కాదు, బూట్లు.

"తాతయ్య లోపల నిద్రపోతున్నాడా?" అని అడిగితే నిద్ర అనకండి. నాలుగేళ్ల పిల్లలు ఆ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుని రాత్రి పడుకోవడానికి భయపడతారు. "తాతయ్య చనిపోయాడు, ఒళ్లు ఇక్కడ మట్టిలో ఉంది, యేసయ్య లేచినట్టు ఆయన్నీ లేపుతాడని మనం నమ్ముతాం" అంటే చాలు.

ఇంట్లో దొరికే వాటితో గుడ్లకు రంగులు వేయడం ఎలా?

మన మార్కెట్లో ఫారం గుడ్లు తెల్లగా ఉండటం ఇక్కడ వరం. నాటుకోడి గుడ్ల మీద లేత రంగులు తేలవు.

ముందు గుడ్లను గది వేడికి రానివ్వండి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా మరిగే నీళ్లలో వేస్తే పగులుతాయి. చల్లటి నీళ్లలోనే వేసి పొయ్యి మీద పెట్టి, మరగడం మొదలయ్యాక సన్నటి మంట మీద పది, పన్నెండు నిమిషాలు ఉంచి, చల్లటి నీళ్లలోకి తీయండి. తర్వాత వెనిగర్ అద్దిన గుడ్డతో తుడవండి. చేతి జిడ్డు అంటిన చోట రంగు పట్టదు, మచ్చలుగా వస్తుంది.

ఎరుపు, ఇటుక రంగుకు పది, పన్నెండు ఉల్లిపాయల పొట్టు ఒక లీటరు నీళ్లలో అరగంట మరిగించాలి. పసుపు రంగుకు రెండు గ్లాసుల నీళ్లలో రెండు పెద్ద చెంచాల పసుపు పావుగంట. నీలానికి పావు ముక్క ఎర్ర క్యాబేజీ తరిగి రెండు గ్లాసుల నీళ్లలో ఇరవై నిమిషాలు. దడికి శంఖపుష్పం తీగ ఉంటే ఇరవై పూలు ఒక గ్లాసు వేడినీళ్లలో వేసినా నీలం దిగుతుంది, ఆ నీళ్లలో కొంచెం తీసి నిమ్మరసం పిండితే ఊదాగా మారడం పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు. బీట్‌రూట్ అందరూ ముందుగా ఎంచుకునేది, అందరినీ నిరాశపరిచేదీ అదే: రంగు లేతగా పడి, ఆరాక మట్టిరంగుకు తిరుగుతుంది.

ఏ రంగైనా వడకట్టి చల్లార్చి, గ్లాసు నీళ్లకు ఒక పెద్ద చెంచా వెనిగర్ కలపండి. అంతకన్నా పోస్తే పెంకు గరుకుగా తినేసుకుపోతుంది. గుడ్లు మునిగేలా వేసి, లేత రంగుకు అరగంట, ముదురు రంగుకు రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. తీశాక తుడవకండి, గుడ్ల అట్ట మీద ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పుడు రుద్దితే వేలిముద్ర పడినంత మేర రంగు లేచిపోతుంది. ఆరాక పల్లీనూనె చుక్కతో మెరుగు పెట్టొచ్చు.

ఆకు అచ్చు కావాలంటే పచ్చి గుడ్డు మీద తడి కొత్తిమీర గానీ మునగాకు రెమ్మ గానీ అతికించి, పాత నైలాన్ మేజోడు ముక్కలో బిగించి దారంతో కట్టి, ఉల్లిపొట్టు నీళ్లలో పన్నెండు నిమిషాలు ఉడికించి, అదే నీళ్లలో చల్లారనివ్వండి. మూట వదులైతే ఆకు కిందికి రంగు దూరి బొమ్మ అలుక్కుపోతుంది. కాబట్టి ముడి పెద్దవాళ్లే వేయాలి, ఆకు ఎంచడం పిల్లల పని.

రంగు గుడ్లు బయట ఎంతసేపు ఉంచవచ్చు?

ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే గంట, లోపుంటే రెండు గంటలు. ఆ తర్వాత తినకూడదు. అందుకని దాచే ఆటకు తినే గుడ్లు వాడకండి. వేరే దాచండి, వేరే తినండి. ఫ్రిజ్‌లో పెంకుతో ఉన్నవి వారం దాకా బాగుంటాయి.

గుడ్ల వేట ఎలా ఏర్పాటు చేయాలి?

ఏం దాచాలి? నున్నటి గులకరాళ్లకు రంగులు, కుమ్మరి దగ్గర తెచ్చిన బంకమట్టితో పిల్లలే చేసి నీడలో మూడు రోజులు ఆరబెట్టిన గుడ్లు, లేదా రంగు కాగితం చుట్టిన గుడ్డ ఉండలు. నాలుగేళ్లలోపు వాళ్లుంటే ఏ వస్తువూ నాలుగు సెంటీమీటర్ల కన్నా చిన్నది ఉండకూడదు, గొంతులో అడ్డం పడుతుంది. ఒక్కొక్కరికి ఆరు నుంచి ఎనిమిది చాలు.

పిల్లలు ఎందరుంటే అన్ని రంగులు, ఒక్కొక్కరికి ఒక రంగు ఇవ్వండి. ఎరుపు దొరికితే అది అక్కది, ముట్టుకోకుండా "అక్కా, ఇక్కడుంది" అని అరవాలి. ఈ ఒక్క నియమంతో పెద్దపిల్లలు అన్నీ ఏరేసుకోవడం, చిన్నవాళ్లు ఏడవడం ఆగిపోతుంది.

రెండు, మూడేళ్ల వాళ్లకు పచ్చిక మీద, బెంచీ మీద, పూర్తిగా కనిపించేలా పెట్టండి. నాలుగు, ఐదేళ్ల వాళ్లకు చెట్టు మొదట్లో, సగం దాగేలా. ఆరు దాటిన వాళ్లకు దాచడం కన్నా ఆచూకీ చీటీలు నచ్చుతాయి: "బెరడు చేదు, పూత పచ్చడిలోకి" అంటే వేప, "ఆకు గుండె ఆకారం, గాలి లేకపోయినా కదులుతుంది" అంటే రావి.

రాళ్ల కింద, ఎండుటాకుల కుప్పలో, గోడ కన్నాల్లో, పూలకుండీల వెనక, డ్రైనేజీ మూతల దగ్గర ఎప్పుడూ దాచకండి. ఎండాకాలంలో తేళ్లు, పాములు చల్లదనానికి చేరేది అక్కడికే. దాచేటప్పుడు పొడవాటి కర్రతో ఆ చుట్టూ తట్టి చూడండి. దాచిన ప్రతిదాన్నీ ఫోనులో ఫోటో తీసుకోండి, లేకపోతే చివరికి ఒకటి దొరకదు, ఎక్కడ పెట్టారో మీకే గుర్తుండదు.

అపార్ట్‌మెంటు పచ్చిక అయితే రెండు విషయాలు తోటమాలిని ముందే అడగాలి. ఈ వారంలో పురుగుమందు కొట్టారా? నీళ్లు ఏవి పెడుతున్నారు? పెద్ద గేటెడ్ కాలనీల్లో చాలాచోట్ల శుద్ధిచేసిన మురుగునీటినే మొక్కలకు వాడతారు. అలాంటి పచ్చికలో ఆడాక సబ్బుతో చేతులు కడగనిదే ఏదీ నోట్లో పెట్టనివ్వకండి.

చాక్లెట్ గుడ్లు?

బయట వద్దు, ముప్పై నాలుగు డిగ్రీలకే కరిగిపోతాయి. బేకరీలో పంచదార, బాదంముద్దతో చేసిన గుడ్లు ఎండకు నిలుస్తాయి కానీ చీమలు వదలవు, డబ్బాలో ఉంచండి. పుచ్చకాయ, ఖర్బూజ ముక్కలు, తాటిముంజలు, సీమచింతకాయలు ఈ పండుగకు సరిగ్గా దొరికే పిల్లల తిండి. సీమచింత గింజ తీసి పెట్టాలి. పల్లీచిక్కీ నాలుగేళ్లలోపు వాళ్లకు వద్దు.

ఏ పార్కుకు వెళ్లాలి?

ఆడుకోవడానికి పచ్చిక కావాలంటే సంజీవయ్య పార్కు, ఇందిరా పార్కు, యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కు. చెట్ల పేర్లు నేర్పాలంటే కొత్తగూడ బొటానికల్ గార్డెన్. కె.బి.ఆర్. పార్కు, వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనాలు, అక్కడ నడవాలి, చూడాలి, వినాలి. ఆకు తెంపకూడదు, ఏదీ దాచకూడదు. పక్షుల కోసమైతే అమీన్‌పూర్ చెరువు, దాన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. తెరిచే వేళలు మారుతుంటాయి, ముందురోజు కనుక్కోండి.

చెరువుగట్టుకు వెళ్తే యోహాను 21వ అధ్యాయం చెప్పండి: లేచిన ప్రభువు ఒడ్డున నిప్పులు రాజేసి శిష్యులకు చేపలు, రొట్టెతో పొద్దుటి భోజనం పెడతాడు, వలలో 153 చేపలు పడతాయి. ఐదేళ్లు దాటిన పిల్లలు 153 గులకరాళ్లు పదేసి కుప్పలుగా పేర్చి లెక్కపెట్టగలరు. పదిహేను కుప్పలు, పైన మూడు. నిప్పు మాత్రం రాజేయకండి, ఇంటి నుంచి ఇడ్లీలు తీసుకెళ్లండి.

ఏ మొక్కలతో జాగ్రత్త?

అన్నిటికన్నా గన్నేరు. రోడ్డు మధ్య డివైడర్ల మీదా, పార్కుల్లోనూ ఎక్కడ చూసినా ఉంటుంది, పువ్వు అందంగా ఉంటుంది, మొక్కంతా విషం. పచ్చగన్నేరు కాయ మరీ ప్రమాదం. ఆముదం గింజలు, గురివింద గింజలు, ఉమ్మెత్త కాయలు పిల్లలు ఏరుకునే సంచిలోకి రాకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. వయ్యారిభామ తగిలితే కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి. ఏదైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. ఆ మొక్క ముక్కను వెంట తీసుకుని ఆస్పత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోను చేయండి.

సీతాకోకచిలుకను పెంచి ఈస్టర్‌కు వదలొచ్చా?

కరివేపాకు, నిమ్మ మొక్కలను మట్టల ఆదివారానికి రెండు, మూడు వారాల ముందు నుంచి వెతకండి. పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగులు, పెరిగాక ఆకుపచ్చగా మారేవి, నిమ్మజాతి సీతాకోకచిలుకల పిల్లలు. ముట్టుకుంటే తల వెనక కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతాయి, హాని లేదు. వెడల్పు మూతి సీసాకు పలుచటి గుడ్డ కట్టి, లోపల నిలువుగా ఒక పుల్ల, రోజూ తాజా రెమ్మ పెట్టండి. మందు కొట్టిన మొక్క ఆకు వేస్తే సాయంత్రానికి చచ్చిపోతాయి. గూడు కట్టాక సుమారు పది రోజులకు రెక్కలతో వస్తుంది. సరిగ్గా ఆదివారమే వస్తుందని పిల్లలకు మాట ఇవ్వకండి.

ఇంకొక మాట: గూటిలో ఉన్నది చచ్చిపోలేదు, మారుతోంది. పునరుత్థానం దానిలాంటిదేనని పిల్లలకు చెప్పకండి. గోధుమగింజ నేలలో పడి చస్తేనే విస్తారంగా ఫలిస్తుందన్న పోలిక యేసు స్వయంగా చెప్పింది, యోహాను 12వ అధ్యాయంలో ఉంది. అది చాలు.

పక్షి గుడ్లు కనబడితే?

దూరం నుంచి చూసి వచ్చేయాలి. అడవి పక్షుల గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చెరువుల దగ్గర ఖాళీ నేలల్లో తీతువు ఈ నెలల్లోనే గుడ్లు పెడుతుంది. గూడు ఉండదు, గులకరాళ్ల మధ్య గులకరాళ్లలా నాలుగు గుడ్లు. పక్షి మీ నెత్తిమీద తిరుగుతూ గోల చేస్తే గుడ్లు కాళ్ల దగ్గరే ఉన్నట్టు. వచ్చిన దారినే అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడవండి.

మాకు బాల్కనీ ఒక్కటే ఉంది.

ఈస్టర్ తోట, సీతాకోకచిలుక సీసా, రంగు గుడ్లు, ఈ మూడూ అక్కడే అవుతాయి. మిగతాదానికి కిందికి దిగి వీధి చివరి చెట్టు దాకా నడిచినా చాలు.

పక్కింటి హిందూ, ముస్లిం పిల్లలు వస్తామంటున్నారు.

రమ్మనండి. వాళ్ల అమ్మానాన్నలను ముందే అడగండి: గుడ్డు తింటారా, కథ చెప్పొచ్చా అని. వేటలో రంగులు, ఆచూకీ చీటీలు అందరివీ. వేప చీటీ ఉగాది పచ్చడి తిన్న పిల్లలకే ముందు తడుతుంది.

పండుగయ్యాక తోట ట్రేను ఏం చేయాలి?

మెంతికూర కోసి పప్పులో వేయండి. పురుగుమందు కలిపిన విత్తనాల దుకాణం గింజలు కాకుండా వంటింటి మెంతులు వాడి ఉంటేనే సుమా. మట్టిని కలియబెట్టి పొద్దుతిరుగుడు గింజలు ఆరు నాటండి, మొలిచాక రెండు ఉంచి మిగతావి కుండీల్లోకి మార్చండి. సమాధిగా పెట్టిన ముంతను కడిగి అవతల పెట్టి, ఆ చోట వెడల్పు మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీళ్లు పోసి, తేనెటీగలు వాలడానికి ఒక రాయి ఉంచండి. రోజూ నీళ్లు పారబోసి, కొబ్బరిపీచుతో రుద్ది, కొత్తవి పోయాలి. రెండు రోజులు మరిస్తే దోమలు గుడ్లు పెడతాయి. జూన్‌లో వానలు పడేదాకా ఈ పని బిడ్డదే.